గీజరు ప్లగ్గు ఎందుకు నల్లబడింది?

చలికాలం మొదలైందంటే చాలు, మదనపల్లె వైపు నుంచి మన శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో గీజరు మాట లేనిది అరుదు. పక్కనే హార్స్‌లీ కొండలు, ఊరు కూడా ఎత్తు మీదే ఉంది. తెల్లవారుజామున కొళాయి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఈసారి ఒక సోదరి ఇలా రాశారు. "అక్కయ్యా, గీజరు కొత్తది. మంచి కంపెనీదే. కానీ ప్లగ్గు పెట్టే చోట ప్లాస్టిక్కు ముందు గోధుమరంగుకి తిరిగింది, ఇప్పుడు నల్లబడింది. స్నానాల గది దగ్గర కాలిన వాసన. కరెంటు పని చేసే అబ్బాయి వచ్చి ప్లగ్గు మార్చి వెళ్లాడు. మూడు వారాలకు మళ్లీ అంతే. గీజరు మార్చేయమని మావారు అంటున్నారు. మార్చమంటారా?"

పుంగనూరు పక్క పల్లె నుంచి ఇంకో అమ్మాయి గోడు వేరు. "పొలాల్లో మోటార్లు ఆడినంతసేపూ మా ఇంట్లో ఫ్యాను పాకుతా ఉంటుంది. మిక్సీలో చెనిక్కాయల పచ్చడి నలగదు. ఫ్రిజ్జు గుర్రుమని ఆగిపోతుంది. బిల్లు మాత్రం పైసా తగ్గదు. కరెంటు తక్కువ ఇచ్చి డబ్బు మొత్తం తీసుకోవడం ఏం న్యాయం?"

కుప్పం నుంచి వచ్చిన మూడో ఉత్తరం గ్రైండరు గురించి. దాని సంగతి చివర్లో చెబుతాను. అది కాస్త భయపడవలసిన సంగతి కనుక తొందరపడి చెప్పడం నాకిష్టం లేదు.

చిత్రమేమిటంటే ఈ మూడింటికీ జవాబు ఒకటే లెక్కలో ఉంది. ఒక గుణకారం, ఒక భాగహారం. పాలవాడి లెక్క, చీటీ లెక్క నోటితో వేసేసే మీకు ఇదేం పెద్ద కష్టం కాదు. పదో తరగతిలో 'ఓమ్ నియమం' అని చదివి, పరీక్షలో రాసి, ఆ రోజే మరిచిపోయిన పాఠమే ఇది. ఆ ఓమ్ అనే ఆయన జర్మనీలో బడిపంతులు. తండ్రి తాళాలు చేసే పనివాడు. ఈ లెక్కను 1827లో పుస్తకంగా వేస్తే సొంత దేశంలో చాలామంది తోసిపుచ్చారు. 1841లో లండన్ రాయల్ సొసైటీ పిలిచి పతకం ఇచ్చాక గానీ గౌరవం దక్కలేదు. అంత అవమానపడి చెప్పిన లెక్క కదా, మన వంటింట్లో కాస్త వాడుకుందాం.

మేడ మీద నీళ్ల ట్యాంకు ఉందనుకోండి. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే కింద కొళాయిలో నీళ్లు అంత విసురుగా వస్తాయి. ఆ విసురు వోల్టేజి. పైపులోంచి సెకనుకి ఎంత నీరు పారుతోంది అన్నది కరెంటు. దాన్ని ఆంపుల్లో కొలుస్తారు. పైపు సన్నగా ఉన్నా, లోపల చెత్త అడ్డం పడినా నీళ్లు తగ్గుతాయి. ఆ అడ్డమే నిరోధం, దాన్ని ఓముల్లో చెబుతారు. ఇంతే.

ఇప్పుడు రెండు సూత్రాలు. వోల్టులను ఆంపులతో గుణిస్తే వాట్లు వస్తాయి. వోల్టులను ఆంపులతో భాగిస్తే ఓములు వస్తాయి. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పని చేస్తే ఒక యూనిట్. క్యాలెండరు వెనక రాసిపెట్టుకోండి.

మన మదనపల్లె సోదరి గీజరు మీద 2000 వాట్లు అని ఉందట. మన దేశంలో ఇంటికి ఇచ్చే కరెంటు 230 వోల్టులు. రెండు వేలను 230తో భాగిస్తే 8.7 ఆంపులు. అంటే గీజరు వేసినంతసేపూ ఆ వైర్లలో 8.7 ఆంపుల కరెంటు పారుతుంది. మరి ఆ ప్లగ్గు ఎన్ని ఆంపులది? మన ఇళ్లలో రెండు రకాల ప్లగ్గులు ఉంటాయి. చిన్నది 6 ఆంపులది, పాతవాళ్లు ఐదు ఆంప్స్ ప్లగ్గు అంటారు. పెద్దది 16 ఆంపులది, అదే పవర్ ప్లగ్గు. ఈ సోదరి ఉత్తరంలోనే ఒక మాట ఉంది, ఆమె అది ముఖ్యం అనుకోలేదు. "మా గీజరు పిన్నులు లావుగా ఉన్నాయి, గోడ ప్లగ్గులో దూరలేదు, షాపులో మధ్యలో పెట్టే చిన్న పెట్టె ఇచ్చారు" అని. అమ్మా, పిన్ను లావుగా చేసింది అందుకే! చిన్న ప్లగ్గులో దూరకూడదనే! ఆ మధ్య పెట్టె పెట్టి మనం ఆ కాపలావాణ్ని దాటుకుని లోపలికి వెళ్లిపోయాం. ఆరు మోయగల దానితో దాదాపు తొమ్మిది మోయిస్తున్నాం.

సరే, మోస్తే ఏమవుతుంది అంటారా? ఇక్కడే లెక్క రుచి తెలుస్తుంది. పిన్ను, ప్లగ్గు గట్టిగా అతుక్కుని ఉంటే ఆ చోట నిరోధం దాదాపు ఏమీ ఉండదు. వదులైతే, లోపలి స్క్రూ సడలితే, తుప్పు పడితే ఆ చోట నిరోధం పెరుగుతుంది. అర ఓమ్ అనుకుందాం. అరే కదా అనిపిస్తుంది. దానిలోంచి 8.7 ఆంపులు పారితే, ఓములను ఆంపులతో గుణించండి, 4.35 వోల్టులు ఆ చోటే ఖర్చయిపోతాయి. ఆ వోల్టులను మళ్లీ 8.7 ఆంపులతో గుణిస్తే 38 వాట్లు. రేడియోలు బాగుచేసే షాపులో సీసం కరిగించి అతికించే ఇనుప కడ్డీ చూశారా? అది మామూలుగా 25 వాట్లది. 25 వాట్లకే సీసం కరిగి నీరవుతుంటే, 38 వాట్ల వేడి శనగగింజంత చోట, ప్లాస్టిక్కు మధ్య, రోజూ పావుగంట పుడుతుంటే ఆ ప్లగ్గు నల్లబడక తెల్లబడుతుందా?

ఇంకో సంగతి గమనించండి. ఆంపులు రెండింతలైతే ఈ వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఎందుకంటే ఆంపులతో రెండుసార్లు గుణించాం కదా. అందుకే అదే వదులు ప్లగ్గులో సెల్‌ఫోన్ చార్జరు పదేళ్లు పెట్టినా ఏమీ కాదు. గీజరు మూడు వారాల్లో కాల్చేస్తుంది. తప్పు గీజరుది కాదు కనుక మార్చవద్దు. ఇంకో గీజరు కొన్నా ఆ ప్లగ్గు మళ్లీ కాలుతుంది.

చేయవలసింది ఇది. 16 ఆంపుల ప్లగ్గు, దానికి స్విచ్చు, అక్కడి నుంచి మెయిన్ బోర్డు దాకా విడిగా వైరు. ఆ వైరు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి తగ్గకూడదు. కరెంటు అబ్బాయి "ఉన్న వైరు చాల్లేమ్మా" అంటే ఒప్పుకోకండి. లైట్లకు వేసే ఒక మిల్లీమీటరు రాగి వైరు పదిహేను మీటర్లు వెళ్లి పదిహేను మీటర్లు వెనక్కి వస్తే దాని నిరోధం కూడా అర ఓమ్ పైచిలుకే. మళ్లీ అదే 38 వాట్లు, ఈసారి గోడ లోపల. మనకు కనబడదు, వాసనా రాదు. లావు వైరు వేస్తే అది 15, 16 వాట్లకు దిగుతుంది, అది కూడా పొడవంతా పరుచుకుని. వైరు ఖర్చు దగ్గర పొదుపు చేసి టైల్స్ దగ్గర దుబారా చేసే ఇళ్లు నేను చాలా చూశాను. నాకు ఒళ్లు మండుతుంది.

ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు కూడా ఈ పేరా రెండోసారి చదవండి. అదీ 2000 వాట్లదే అయితే, అదీ 8.7 ఆంపులే.

ఇక పుంగనూరు అమ్మాయి. నీ కోపం న్యాయమైనదే గానీ లెక్క వేరుగా ఉంది తల్లీ. ముందు వోల్టేజి ఎందుకు పడిపోతోందో చూడు. ట్రాన్స్‌ఫార్మరు నుంచి మీ ఇంటిదాకా వచ్చిన తీగకి కూడా నిరోధం ఉంటుంది. ఉదాహరణకి అర ఓమ్ అనుకో. రాత్రి ఆ తీగలో 10 ఆంపులు పారితే 5 వోల్టులు దారిలో పోతాయి, ఎవరికీ తెలియదు. మన పడమటి మండలాల్లో బోర్లు ఎంత లోతో నీకు చెప్పాలా? ఆ మోటార్లన్నీ ఒక్కసారి మొదలై తీగలో 100 ఆంపులు లాగితే 50 వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. చివరి ఇంటికి చేరేది 180. ట్రాన్స్‌ఫార్మరు పక్కింట్లో ఫ్యాను గిర్రున తిరుగుతూ, మీ ఇంట్లో పాకడానికి కారణం అదే.

బిల్లు ఎందుకు తగ్గదు? నీళ్లు కాచే వస్తువులనే చూద్దాం. ఆ 2000 వాట్ల గీజరులో కాయిల్ నిరోధం ఎంత? 230ని 8.7తో భాగిస్తే సుమారు 26 ఓములు. వోల్టేజి తగ్గినా కాయిల్ అదే, ఓములూ అవే. 180 వోల్టులు ఇస్తే 6.8 ఆంపులే పారతాయి. 180ని 6.8తో గుణిస్తే 1225 వాట్లు. చూశావా, వోల్టేజి నాలుగో వంతు కూడా తగ్గలేదు, వేడి మాత్రం రెండు వేల నుంచి పన్నెండు వందలకు పడింది. కానీ స్నానానికి కావలసిన వేడి మారదు కదా. పదిహేను లీటర్ల చన్నీళ్లు స్నానానికి సరిపడా కాగడానికి దాదాపు అర యూనిట్ పడుతుంది. మంచి వోల్టేజిలో 14 నిమిషాల్లో కాగేవి, తక్కువ వోల్టేజిలో 23 నిమిషాలు తీసుకుంటాయి. యూనిట్లు అవే. ఇస్త్రీ పెట్టె అయినా, రైస్ కుక్కర్ అయినా ఇదే కథ. మీటరు మనకు అందిన పనికే లెక్క కడుతుంది. మన టైము వృథా అయినందుకు మాత్రం ఏ మీటరూ లేదు.

ఫ్రిజ్జు, నీళ్ల మోటారు అలా కాదు. అవి తిరిగే వస్తువులు. చేయవలసిన పని అంతే ఉండి వోల్టేజి తగ్గితే, అవి కరెంటును ఎక్కువ లాగుతాయి. ఎంతకీ తిరగలేక గుర్రుమని నిలబడిపోయినప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతాయి. ఆంపులు రెట్టింపైతే వేడి నాలుగింతలు అని పైన అనుకున్నాం. ఫ్రిజ్జు కంప్రెసరు కాలిపోవడం అంటే ఇదే. అందుకని వోల్టేజి బాగా పడిపోయిన ఆ గంటలు ఫ్రిజ్జు ఆపేయడమే మేలు. తలుపు తీయకుండా ఉంటే మూడు నాలుగు గంటలు లోపలి చల్లదనం ఎక్కడికీ పోదు. స్టెబిలైజరు మంచిదే, కానీ అది వోల్టులను సొంతంగా పుట్టించదు. ఎక్కువ ఆంపులు లాక్కుని వోల్టులుగా మార్చి ఇస్తుంది. ఊళ్లో అందరూ పెడితే తీగలో ఆంపులు ఇంకా పెరుగుతాయి, చివరింటివాళ్లకు వోల్టులు ఇంకా తరుగుతాయి. మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి తిప్పుకో. కూరుకుపోయి మూలుగుతుంటే వెంటనే ఆపు. పచ్చడికి రోలు ఉందనుకో, అది వేరే మాట.

ఫిర్యాదు చేసేటప్పుడు "కరెంటు డల్లుగా ఉంది సార్" అంటే ఎవరూ పట్టించుకోరు. అంకెలు చెప్పాలి. ఇప్పుడు పెడుతున్న ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటి తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి. వాటిలో వోల్టులు, ఆంపులు కూడా కనిపిస్తాయి. ఒక వారంపాటు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఆ వోల్టులు రాసిపెట్టు. ఇంటికిచ్చే 230 వోల్టులు ఆరు శాతానికి మించి అటూ ఇటూ పోకూడదన్నది పాత విద్యుత్ నిబంధనల్లోనే ఉన్న మాట. అంటే 216కి తగ్గకూడదు, 244కి మించకూడదు. ఆ కాగితంతో 1912కి ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు తీసుకో. వీధిలో నలుగురు ఆడవాళ్లు కలిసి నాలుగు ఇళ్ల అంకెలు ఇస్తే ఇంకా మంచిది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి దూరం పోయేకొద్దీ వోల్టులు ఎలా తరుగుతున్నాయో ఆ నాలుగు ఇళ్ల లెక్కే చూపిస్తుంది. లావు తీగ వేయాలా, ఇంకో ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలా అన్నది వాళ్లు తేల్చాలి. మదనపల్లె, పుంగనూరు వాళ్లకు ఒకప్పుడు విద్యుత్ బోర్డు, 2000 నుంచి తిరుపతి కేంద్రంగా ఉన్న పంపిణీ సంస్థ. కుప్పం వైపు చాలా ఏళ్లు గ్రామీణ విద్యుత్ సహకార సంఘమే పంపిణీ చూసుకుంది, రెస్కో అంటే అందరికీ తెలుసు. తీగ ఎవరిదైనా ఓమ్ గారి లెక్క మాత్రం ఒకటే.

వస్తువు మీద వాట్లు చెరిగిపోయి ఉంటే? ఇల్లంతా ఆపేసి ఆ ఒక్క వస్తువే వేయండి. మీటరు మీది వోల్టులను ఆంపులతో గుణించండి. గీజరు, ఇస్త్రీ పెట్టె లాంటి వేడి వస్తువులకు సరిగ్గా వాట్లు వస్తాయి. ఫ్యాను, ఫ్రిజ్జులకు మాత్రం ఈ గుణకారం అసలు వాట్లకన్నా కొంచెం ఎక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి, బిల్లు అసలు వాట్లకే వస్తుంది. తెర మీద ఆంపులు కనబడకపోతే మీటరులో ఎర్రదీపం మిణుకుమిణుకుమనడం లెక్కపెట్టండి. మీటరు మీద 3200 అని రాసి ఉంటే, 3200 మిణుకులకు ఒక యూనిట్ అని. ఇస్త్రీ పెట్టె వేస్తే నిమిషానికి 40 మిణుకులు వచ్చాయనుకోండి, గంటకు 2400, అంటే ముప్పావు యూనిట్. మీ ఇస్త్రీ పెట్టె 750 వాట్లది. పిల్లల చేత చేయించండి, సెలవుల్లో వాళ్లకూ పొద్దుపోతుంది.

ఇప్పుడు కుప్పం ఉత్తరం. "గ్రైండరు ముట్టుకుంటే అప్పుడప్పుడు జిల్లుమంటుంది. మా అత్తమ్మ అలవాటైపోయిందిలే అంటుంది. చెప్పులేసుకుని రుబ్బుతున్నాం. పిండి చేత్తో తీసేటప్పుడే కాస్త గట్టిగా కొడుతోంది."

ఈ ఉత్తరం చదివి నాకు నిద్ర పట్టలేదు. అమ్మా, మన ఒంటికి కూడా ఓములుంటాయి. పొడి చర్మానికి లక్ష ఓముల దాకా ఉండవచ్చు. 230ని లక్షతో భాగిస్తే రెండు మిల్లీ ఆంపుల పైచిలుకు, అంటే ఆంపులో వెయ్యో వంతులు రెండు. జిల్లుమంటుంది, అంతే. అదే చేయి పిండితో తడిసి, కాళ్ల కింద నేల తడిగా ఉంటే ఒంటి నిరోధం వెయ్యి ఓముల దగ్గరికి పడిపోతుంది. 230ని వెయ్యితో భాగించండి. 230 మిల్లీ ఆంపులు. గుండెను ఆపడానికి అందులో కొంత చాలు. గ్రైండరు అదే, కరెంటు అదే, మనిషి అదే. మారింది చేతి తడి ఒక్కటే. "ఇన్నాళ్లూ ఏం కాలేదు" అన్నది అందుకే నమ్మదగ్గ మాట కాదు. గ్రైండరు పని తడిలోనే కదా జరిగేది.

ఫ్యూజు ఉంది, ఎం.సి.బి. ఉంది, అది పడిపోతుంది కదా అని చాలామంది ధైర్యం. పడదు. ఆరు ఆంపుల ఎం.సి.బి.కి ఆరు ఆంపులు దాటితేనే తెలుస్తుంది. మనిషి ప్రాణం తీసేది పావు ఆంపు. అది వైరును కాపాడడానికి పెట్టింది, మనిషిని కాదు. మనిషి కోసం పెట్టేది ఆర్.సి.సి.బి., పాతవాళ్లు ఇ.ఎల్.సి.బి. అంటారు. 30 మిల్లీ ఆంపులు దారి తప్పితే రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. కొనేటప్పుడు 30 అని రాసి ఉన్నదే అడగండి, వంద, మూడు వందలవి ఇంటి మనుషుల కోసం కాదు. దాని మీద ఒక చిన్న బొత్తం ఉంటుంది. నెలకొకసారి నొక్కితే టక్కున పడాలి. పడకపోతే మార్పించాలి.

రెండోది ఎర్తు. మూడు పిన్నుల్లో పైన లావుగా ఉండేది ఎర్తు పిన్ను. దాన్ని పీకేసి రెండు పిన్నులతో వాడుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, మీ ఇంట్లో అలా ఉంటే ఇవాళే మార్పించండి. ఎర్తు బాగుండి దాని నిరోధం 5 ఓములే ఉందనుకోండి, కరెంటు గ్రైండరు ఒంటికి తగలగానే 230ని 5తో భాగించినట్టు 46 ఆంపులు నేలలోకి దూకుతాయి, ఎం.సి.బి. వెంటనే పడుతుంది. కానీ కుప్పం చుట్టుపక్కల నేల సంగతి మీకు తెలిసిందే, గ్రానైటు తవ్వుకునే రాతి నేల. వేసవిలో ఎర్తు గుంట ఎండిపోయి నిరోధం 50 ఓములకు చేరితే పారేది 4.6 ఆంపులే. ఎం.సి.బి. పడదు, గ్రైండరు ఒళ్లంతా కరెంటు నిలిచే ఉంటుంది. గుంటలో బొగ్గు, ఉప్పు వేయడం, నీళ్లు పోయడం ఊరికే పెట్టిన ఆచారం కాదు.

కాబట్టి, చెల్లెమ్మా, ఆ గ్రైండరు ప్లగ్గు ఇప్పుడే తీసేయండి. అత్తమ్మగారికి ఈ పేజీ చదివి వినిపించండి. మెకానిక్ చేత లోపలి వైరు ఎక్కడ ఒరుసుకుపోయిందో చూపించి, మూడు పిన్నుల ప్లగ్గు వేయించి, ఇంటి ఎర్తు ఎన్ని ఓములుందో కొలిపించండి. అది ఎండాకాలంలోనే కొలిపించండి, వానాకాలంలో కొలిస్తే మంచి అంకె వచ్చి మోసం చేస్తుంది. అది పూర్తయ్యేదాకా ఇడ్లీ పిండి పక్కింట్లో రుబ్బుకోండి, ఎర్త గుంటలో మాత్రం వారానికి రెండు బిందెల నీళ్లు పోస్తూ ఉండండి.